ఆర్ట్ గ్యాలరీకి మొదటిసారి వెళ్తున్నారా? ముందు తలుపు తోయండి

ప్రైవేటు ఆర్ట్ గ్యాలరీకి టికెట్ ఉండదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఎవరితో ఈ మాట ఎత్తినా మొదట అడిగేది ఇదే. రెండో ప్రశ్న, "ఏమీ కొనకుండా వచ్చేస్తే ఏమనుకుంటారో?" ఏమీ అనుకోరు. బంజారాహిల్స్‌లోనో జూబ్లీహిల్స్‌లోనో అద్దాల తలుపు, బయట గార్డు, లోపల ఏసీ, మనిషి అలికిడి లేని తెల్ల గోడలు చూసి, ఇదేదో డబ్బున్నవాళ్ల వ్యవహారంలే అనుకుని బండి ఆపకుండా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. చీరల షాపులో నలభై చీరలు కిందికి దింపించి, మడతలు విప్పించి, భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుని, "మళ్లీ వస్తామండీ" అని లేచి వచ్చే ధైర్యం ఉన్నవాళ్లం, గోడకు వేలాడుతున్న బొమ్మను ఊరికే చూసి రావడానికి ఎందుకు జంకుతామో నాకు అర్థం కాదు. ఇక్కడ మన కోసం ఎవరూ ఏదీ దింపక్కర్లేదు కూడా.

నాకు బాగా తెలిసిన ఊరు హైదరాబాదు కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను, రాజమండ్రి, విజయవాడల సంగతి మధ్యలో వస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి

మ్యూజియం వేరు, గ్యాలరీ వేరు. సాలార్‌జంగ్ లాంటి మ్యూజియంలో వస్తువులు ఉన్నచోటే ఉంటాయి, ఈ ఏడాది చూసింది పదేళ్ల తర్వాత వెళ్లినా అక్కడే కనిపిస్తుంది. గ్యాలరీలో అలా కాదు, కొన్ని వారాల పాటు ఒక షో నడుస్తుంది, దింపేస్తారు, ఇంకొకటి వేలాడదీస్తారు. ఈ దింపడానికీ వేలాడదీయడానికీ మధ్య కొన్ని రోజులు గ్యాలరీ మూసి ఉంటుంది, లేదా తెరిచి ఉన్నా లోపల నిచ్చెనలూ బబుల్ రాపూ తప్ప ఏమీ ఉండదు. మొదటిసారి వెళ్లి సరిగ్గా ఆ రోజున తగులుకుంటే ఇక మళ్లీ వెళ్లబుద్ధి కాదు. అందుకని బయల్దేరే ముందు ఆ గ్యాలరీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూడండి, ఏ షో ఏ తేదీ వరకు ఉందో అక్కడే పెడతారు. మ్యాప్స్‌లో కనిపించే టైమింగ్స్‌ను నమ్ముకోకండి, ఒక ఫోన్ కొట్టండి. కొన్ని గ్యాలరీలు ఆదివారం మూసేస్తాయి, మనకు తీరిక దొరికేదేమో ఆదివారమే.

మాదాపూర్‌లో కావూరి హిల్స్ దగ్గర స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. ప్రభుత్వానిది కాబట్టి లోపలికి వెళ్లడానికి మొహమాటపడాల్సిన పనే లేదు, మొదటిసారికి నేనైతే అక్కడికే పంపిస్తాను. పెద్ద పేరున్న వాళ్ల బొమ్మలూ, ఇప్పుడిప్పుడే మొదలుపెట్టిన వాళ్ల బొమ్మలూ ఇలాంటి చోట రెండూ దొరుకుతాయి, ఒక షో నచ్చితే ఇంకోటి నచ్చకపోవచ్చు, ఏది బాగుందో ఏది లేదో తేల్చుకునే కన్ను అలాంటి చోటే తయారవుతుంది. ప్రైవేటు వాటిలో బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి పేరున్నవి. బంజారాహిల్స్‌లోనే లామకాన్ ఉంది, అది పూర్తిగా గ్యాలరీ కాదు, నాటకాలు, పాటలు, చర్చలు అన్నీ జరుగుతుంటాయి, గోడల మీద అప్పుడప్పుడు బొమ్మలో ఫోటోలో ఉంటాయి, ఒక చాయ్, రెండు సమోసాలు చెప్పి కూర్చోవచ్చు. టెన్షన్ ఎక్కువగా ఉన్నవాళ్లు అక్కడ మొదలుపెట్టినా తప్పు లేదు.

నా ఉద్దేశంలో అన్నిటికన్నా మంచి చోటు ఎవరూ చెప్పనిది: ఫైన్ ఆర్ట్స్ కాలేజీల వార్షిక ప్రదర్శన. మాసబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది. చదువు పూర్తయ్యే పిల్లలు తమ పని గోడలకెక్కించి, పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటారు, ఎవరైనా వచ్చి అడిగితే చాలు అన్నట్టుంటారు. "ఇది ఎలా చేశావమ్మా?" అని ఒక్క మాట అడగండి, ఏ రంగు ఎక్కడ కొన్నారో, ఏది చెడిపోయి మళ్లీ ఎలా చేశారో, మాస్టారు ఏమని తిట్టారో అన్నీ చెబుతారు. పెద్ద గ్యాలరీలో గంట తిరిగినా ఇంత తెలియదు.

ఎప్పుడు వెళ్లాలి

వారం మధ్యలో మధ్యాహ్నం. షో మొత్తం మీకొక్కరికే ఉంటుంది. శనివారం సాయంత్రం అయితే కొంచెం జనం ఉంటారు, అదీ కొందరికి బాగుంటుంది, ఎవరూ తమనే చూడటం లేదన్న ధీమా.

ఓపెనింగ్ అని ఒకటి ఉంటుంది, షో మొదలయ్యే రోజు సాయంత్రం పెట్టేది. చాలాసార్లు ఎవరైనా వెళ్లవచ్చు, ఆహ్వానం ఉన్నవాళ్లకే అయితే ఆ మాట ముందే రాస్తారు. ఆర్టిస్టు అక్కడే ఉంటారు, మాట్లాడవచ్చు, జ్యూసో వైనో చిన్న చిన్న తిండి పదార్థాలో తిరుగుతుంటాయి. కానీ ఓపెనింగ్‌లో బొమ్మలు చూడటం కుదరదు, ప్రతి బొమ్మ ముందూ వీపు అటు పెట్టి కబుర్లాడుకునే నలుగురు నిలబడి ఉంటారు. మనుషుల్ని చూడటానికి ఓపెనింగ్‌కు, బొమ్మల్ని చూడటానికి ఇంకో రోజున.

లోపలికి వెళ్లాక

గార్డు రిజిస్టర్ ముందుకు తోస్తాడు. పేరు రాయండి, ఫోన్ నంబరు ఇష్టమైతే రాయండి, ఇస్తే తర్వాతి షోలకు వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తాయి, నేను ఇస్తాను. వీపు మీద బ్యాగు ఉంటే తీసి చేత్తో పట్టుకోండి లేదా అక్కడే పెట్టేయండి. గ్యాలరీల్లో బొమ్మలకు దెబ్బ తగిలేది కావాలని ఎవరో చెయ్యి వేసినందుకే కాదు, వెనక్కి తిరిగి సెల్ఫీ తీసుకుంటూ ఒక అడుగు వెనక్కి వేసినప్పుడు బ్యాగు క్యాన్వాస్‌కు తగిలి కూడా. వేళ్లతో ముట్టుకోవద్దు అని ఎందుకంటారంటే, చేతికి చెమటా జిడ్డూ ఉంటాయి, రంగు మీద అప్పటికప్పుడు ఏమీ కనిపించదు, కొన్నేళ్లకు ఆ చోట మాత్రం మరక తేలుతుంది. ఫోటో తీయవచ్చా అని ఒక మాట అడగండి, సాధారణంగా సరే అంటారు, ఫ్లాష్ మాత్రం వద్దు.

డెస్క్ మీద ఒక కాగితం ఉంటుంది, కాన్సెప్ట్ నోట్ అంటారు. తీసుకోండి, కానీ చదవకండి, ఇంకా. ఆ కాగితాల మీద నాకు ఎప్పటి నుంచో కోపం ఉంది. పల్లెటూళ్లో పుట్టి, మేకల్నీ తాటిచెట్లనూ అమ్మానాన్నలనూ గీసిన మనిషి బొమ్మల గురించి, ఇంగ్లిష్ డిగ్రీ ఉన్నవాళ్లకు కూడా కొరుకుడు పడని ఇంగ్లిష్‌లో, ఒక్కో వాక్యం అయిదారు లైన్లు రాసి పెడతారు, తెలుగులో ఒక్క ముక్క ఉండదు. అది చదివి ఏమీ అర్థం కాక, సరే మనకు బొమ్మలే అర్థం కావు కాబోలు అనుకుని వచ్చేసినవాళ్లను చూశాను. అర్థం కానిది ఆ కాగితం, బొమ్మ కాదు. ముందు బొమ్మలు చూడండి, కాగితం ఇంటికెళ్లాక చూద్దురుగాని.

చూడటం ఎలా

ఒక చుట్టు ఎక్కడా ఆగకుండా తిరిగేయండి. అయిదు నిమిషాలు పడుతుంది. ఏదీ చదవకండి, ఎవరు వేశారో చూడకండి. ఆ చుట్టులో ఒకటో రెండో బొమ్మల దగ్గర కాలు కాస్త నెమ్మదిస్తుంది, బాగున్నందుకో, చిరాకు పుట్టించినందుకో, ఇదేమిట్రా అనిపించినందుకో. రెండో చుట్టులో నేరుగా దాని దగ్గరికే వెళ్లండి, మిగతావాటిని వదిలేయండి. ముప్ఫై బొమ్మలున్న షోలో ముప్ఫై చూడాలని ఎవరూ రూల్ పెట్టలేదు, రెండు సరిగ్గా చూస్తే ఆ పూటకు చాలు.

సరిగ్గా చూడటమంటే ఇదీ: ముందు గది మధ్యలో నిలబడి చూడండి. కన్ను మొదట ఎక్కడికి పోయింది? అక్కడి నుంచి ఎటు జరిగింది? తర్వాత దగ్గరికి, ఒక మూరెడు దూరం దాకా వెళ్లండి, ఇప్పుడు బొమ్మలో మనుషులూ చెట్లూ పోయి రంగు కనిపిస్తుంది, ఎక్కడ దట్టంగా వేశారో, ఎక్కడ పల్చగా వదిలారో, ఎక్కడ క్యాన్వాస్ నేత కనిపిస్తోందో. ఆ తర్వాత పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి, లైటు పడి బ్రష్ ఎటు నుంచి ఎటు తిరిగిందో గీతలు తేలతాయి, కింద ముందు ఏదో గీసి పైన రంగుతో కప్పేసి ఉంటే అదీ కొన్నిసార్లు తెలుస్తుంది. అంచులు చూడండి, బొమ్మలో చెయ్యో చెట్టో అంచు దగ్గర తెగిపోయి ఉంటే అలా ఎందుకు ఆపారో ఆలోచించండి. మళ్లీ వెనక్కి వచ్చి చూస్తే మొదట కనిపించిన బొమ్మే వేరేగా ఉంటుంది.

తోట వైకుంఠం గారి బొమ్మ ఎక్కడైనా తగిలితే ఈ పద్ధతి అక్కడ ప్రయత్నించి చూడండి. మన ఇళ్లలో క్యాలెండర్లలోనూ హోటల్ లాబీల్లోనూ ఆ బొమ్మల నకళ్లు ఎన్ని చూశామో లెక్కలేదు, పెద్ద బొట్టు, నల్లటి నిండైన ఒళ్లు, ఎర్ర చీర, అంతే కదా అనుకుంటాం. అసలు బొమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు చూడాల్సింది గీత. ముక్కు దగ్గర మొదలై పెదవి మీదుగా గడ్డం దాకా వచ్చే గీత ఎక్కడ లావెక్కిందో, ఎక్కడ సన్నబడిందో. ఆ ఎరుపు పక్కన పసుపూ ఆకుపచ్చా కలపకుండా అచ్చంగా వేసినా కొట్టుకోకుండా ఎలా నిలబడ్డాయో. ఆయన 1942లో కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో పుట్టారు, చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చే నాటకాల వాళ్లలో ఆడవేషాలు కట్టిన మగవాళ్ల ముస్తాబు తన మీద ఎంత పనిచేసిందో ఆయనే చెప్పుకున్నారు. ఆ సంగతి తెలిశాక ఆ బొమ్మల్లో కాటుకా, బొట్టూ, నగలూ ఎందుకంత ఘనంగా ఉంటాయో తెలుస్తుంది. కానీ ఇది రెండోసారి చూసేటప్పుడు పనికొచ్చే సమాచారం, మొదటిసారికి అక్కర్లేదు.

ఏమీ తోచని బొమ్మలు ఉంటాయి. నీలం చతురస్రం, దాని మీద ఒక గీత, ధర లక్షల్లో. "ఇది మా పిల్లాడు కూడా వేస్తాడు" అని నవ్వుకుని పక్కకు పోవచ్చు, దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. కావాలంటే ఒక పని చేయండి, పక్కనున్న మిగతా నాలుగు బొమ్మలు చూడండి. ఒకే మనిషి అదే నీలాన్ని అయిదు రకాలుగా వేసి ఉంటే, దేని కోసమో వెతుకుతున్నాడని అర్థం, ఆ వెతుకులాట మీకు పట్టుబడితే పట్టుబడుతుంది. లేకపోతే లేదు. నాకు ఇప్పటికీ సగం పట్టుబడవు.

గోడ మీద చిన్న చీటీ

బొమ్మ పక్కన చీటీలో నాలుగైదు సంగతులు ఉంటాయి. ఉదాహరణకు ఇలా ఉందనుకోండి: అన్‌టైటిల్డ్, ఎచింగ్ ఆన్ పేపర్, 10 x 13 అంగుళాలు, 1974, 7/25. మొదటిది పేరు, అన్‌టైటిల్డ్ అంటే పేరు పెట్టలేదు, మీరు పెట్టుకోవచ్చు. రెండోది దేనితో దేని మీద చేశారో. కొలతల్లో మామూలుగా ఎత్తు ముందు, వెడల్పు తర్వాత. ఏడాది. చివరి 7/25 మాత్రం చాలామందికి అంతుపట్టదు: ఆ బొమ్మను మొత్తం 25 కాపీలు తీశారు, అందులో ఇది ఏడోది. దీన్ని ఎడిషన్ అంటారు.

కాపీ అనగానే జిరాక్స్ అనుకోకండి. ఎచింగ్ ఎలా చేస్తారంటే, జింకు రేకో రాగి రేకో తీసుకుని దాని మీద యాసిడ్‌ను తట్టుకునే మైనం లాంటి పూత పూస్తారు. ఆ పూతను సూదితో గీకుతూ బొమ్మ గీస్తారు. రేకును యాసిడ్‌లో ముంచితే పూత పోయిన చోటల్లా, అంటే గీత ఉన్నచోటల్లా లోహాన్ని యాసిడ్ తినేస్తుంది, ఎంతసేపు ఉంచితే గాడి అంత లోతు, గీత అంత నలుపు. పూత తీసేసి, సిరా రాసి, పైపైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేస్తే గాడుల్లో మాత్రం సిరా మిగులుతుంది. దాని మీద తడిపిన కాగితం పరిచి, బరువైన రోలరున్న ప్రెస్ కిందికి తోస్తే ఆ సిరాను కాగితం లాగేసుకుంటుంది, బొమ్మ ఎడమది కుడిగా తిరగబడి వస్తుంది. ఇలా ఒక్కోసారి సిరా రాస్తూ, తుడుస్తూ, ఒక్కో కాగితం తీయాలి, అందుకే 25లో ఏ రెండూ అచ్చు గుద్దినట్టు ఉండవు.

దగ్గరికి వెళ్లి బొమ్మ చుట్టూ కాగితాన్ని చూడండి. బొమ్మ అంచు వెంబడి నాలుగు వైపులా కాగితం లోపలికి నొక్కుకుపోయిన ఒక మెట్టు లాంటిది కనిపిస్తుంది. అది రేకు అంచు అచ్చు. కింద పెన్సిల్‌తో ఎడమవైపు నంబరు, కుడివైపు సంతకం ఉండటం రివాజు. నంబరు ఉండాల్సిన చోట ఏ/పి అని ఉంటే ఆర్టిస్టు తన కోసం విడిగా ఉంచుకున్న కాపీ.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ పనిలో మనవాళ్లు ఘనులు. మెదక్ వైపు నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మా గౌడ్ గారి ఎచింగ్‌లను ఒక్కసారైనా ఎదురుగా నిలబడి చూడాలి, ఫోన్ స్క్రీన్ మీద ఆ గీత సగం కూడా రాదు. మేక ఒంటి మీద వెంట్రుకలు, చెట్టు బెరడు, మనిషి చర్మం అన్నీ ఒకే సన్నని గీతలతో అల్లుకుని ఉంటాయి, ఏది ఎక్కడ ఆగిందో చెప్పలేం. ఆయనా వైకుంఠం గారూ ఇద్దరూ హైదరాబాదులో చదువుకుని, తర్వాత బరోడా వెళ్లి చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ గారి దగ్గర నేర్చుకున్నవాళ్లే. లక్ష్మా గౌడ్ గారు సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు కూడా చెప్పారు.

ఒక చిన్న హెచ్చరిక కూడా ఇక్కడే. ఆయన పాత ఎచింగ్‌లలో పల్లె శృంగారం ఉంటుంది, దాపరికం లేకుండా. ఒక్క ఆయనవే అని కాదు, ఏ గ్యాలరీలోనైనా నగ్న చిత్రాలు ఉండవచ్చు. అత్తగారితోనో పదేళ్ల పిల్లలతోనో మొదటిసారి వెళ్తుంటే ముందు ఇన్‌స్టాగ్రామ్‌లో ఏం వేలాడదీశారో ఒకసారి చూసుకోండి. పిల్లల్ని తీసుకెళ్లవద్దని కాదు, నా అనుభవంలో పెద్దవాళ్లకన్నా పిల్లలే బాగా చూస్తారు, "ఈ బొమ్మలో ఎన్ని పక్షులున్నాయో లెక్కపెట్టు" అని వదిలేస్తే మనకు కనిపించని నాలుగు పక్షులు చూపిస్తారు. అరగంట దాటితే మాత్రం పరిగెత్తడం మొదలుపెడతారు, ఆ లోపు బయటపడండి.

ధర అడగటం

అడగండి. ఎర్ర చుక్క అంటించి ఉంటే అమ్ముడుపోయిందని, ఎన్ఎఫ్ఎస్ అని ఉంటే అమ్మకానికి కాదని. ఏమీ లేకపోతే డెస్క్ దగ్గర ప్రైస్ లిస్ట్ ఉంటుంది, "ఒకసారి లిస్ట్ చూపిస్తారా?" అంటే ఇస్తారు. కొన్నిచోట్ల మొహం చూసి, బట్టలు చూసి, కాస్త తేడాగా మాట్లాడే మనిషి ఉంటాడు, నాకూ ఎదురయ్యాడు. పట్టించుకోకండి, ఆ కుర్చీలో ఇంకో రోజు ఇంకొకరు ఉంటారు.

మరీ ఆసక్తి ఉంటే "ఇది ఎలా చేశారో కాస్త చెబుతారా?" అని అడగండి. "దీని అర్థం ఏమిటి?" అని అడిగితే కాన్సెప్ట్ నోట్‌లో ఉన్నదే అప్పజెబుతారు. ఎలా చేశారు, ఎన్నాళ్లు పట్టింది, ఇంతకుముందు ఇదే ఆర్టిస్టు ఏం చేసేవారు, ఇలాంటి ప్రశ్నలకు మాత్రం నోట్ పక్కన పెట్టి మాట్లాడతారు, కొన్నిసార్లు లోపలి గదిలోకి తీసుకెళ్లి గోడకు ఆనించి పెట్టిన పాత బొమ్మలు కూడా తీసి చూపిస్తారు. షోలో లేని అసలు సరుకు ఆ గదిలోనే ఉంటుంది.

సాలార్‌జంగ్‌ను చూసే పద్ధతి

స్కూలు ఎక్స్‌కర్షన్‌లో లైను కట్టించి తిప్పేశారు కాబట్టి చూసేశాం అనుకునే మ్యూజియం అది. శుక్రవారం సెలవు. మూడు బ్లాకులు ఉన్నాయి, ఒక్క రోజులో మొత్తం చూద్దామని మాత్రం వెళ్లకండి, చివరికి కాళ్ల నొప్పి తప్ప ఏమీ గుర్తుండదు. ఒక్కసారికి రెండు గదులు అనుకుని వెళ్లండి.

మ్యూజికల్ గడియారం దగ్గర గంట గంటకూ జనం పోగవుతారు, చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టేది చూడటానికి. మధ్యాహ్నం 12కి పన్నెండు సార్లు కొడుతుంది కాబట్టి అప్పుడు మరీ ఎక్కువ. ఒకసారి మీరూ చూడండి, బాగుంటుంది. రెండోసారి వెళ్లినప్పుడు మాత్రం సరిగ్గా పన్నెండుకు అయిదు నిమిషాల ముందు వేరే గదిలో ఉండండి, చుట్టుపక్కల జనమంతా గడియారం దగ్గరికి పరిగెత్తాక ఆ కాసేపూ గది మీదే. నేనైతే ఆ సమయానికి వెయిల్డ్ రెబెకా దగ్గర ఉంటాను. ఇటలీ శిల్పి బెంజోని చెక్కినది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నారు. ముసుగు వేసుకున్న అమ్మాయి పాలరాతి విగ్రహం అని అందరికీ తెలుసు. జనం లేనప్పుడు చూడాల్సింది ముసుగు ముక్కు కొస దగ్గర నుంచి పెదవుల మీదికి దిగే చోటు. అక్కడ గుడ్డ చర్మానికి తాకినట్టు, కాస్త కిందికి వచ్చేసరికి వదులైనట్టు కనిపిస్తుంది, కానీ రెండూ ఒకే రాయి. నిలబడిన చోటు నుంచి కాస్త పక్కకు జరిగి చూడండి, ముసుగు వెనక మొహం మెల్లగా మారుతుంటుంది. జర్మన్ నాటకం ఫౌస్ట్‌లోని పాత్రలు మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టాల చెక్క విగ్రహం దగ్గర అయితే ఒకే దుంగలో ముందు మగాడు, వెనక తలవంచిన అమ్మాయి, వెనక అద్దం పెట్టారు కాబట్టి అందరూ అద్దంలోకి తొంగి చూసి పోతారు. అద్దం వదిలేసి పక్క నుంచి చూడండి, ఇద్దరూ కలిసే అంచు ఎక్కడుందో వెతకండి.

హైదరాబాదు బయట

రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది, గోదావరి జిల్లాల వాళ్లలోనే చాలామంది లోపలికి అడుగు పెట్టలేదు. చిత్రకారుడు రామారావు 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు, ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయనలోని ప్రతిభను పసిగట్టి ప్రోత్సహించారు, బొంబాయి జె.జె. స్కూల్‌లో చదువుకున్నారు, తిరిగొచ్చి ఊళ్లోనే చిత్రకళ నేర్పడం మొదలుపెట్టారు. అడవి బాపిరాజు గారు ఆ బృందంలోని వారే. అక్కడికి వెళ్తే పూర్తయిన పెద్ద బొమ్మల్ని ఎలాగూ చూస్తారు, చిన్న స్కెచ్‌లు కనిపిస్తే వాటిని వదలకండి. చేతి వేళ్లు, మెడ వంపు, కూర్చున్న తీరు ఎన్నిసార్లు సాధన చేస్తే అలా వస్తాయో వాటిలోనే తెలుస్తుంది. పుష్కరాలకో పెళ్లికో రాజమండ్రి వెళ్లినప్పుడు ఒక గంట దీనికి కేటాయించండి, సరేనా.

విజయవాడలో బాపు మ్యూజియం పేరు చూసి బాపు గారి బొమ్మల కోసం వెళ్తారు కొందరు. అది పాత విక్టోరియా జూబ్లీ మ్యూజియం, పేరు మార్చారు. లోపల ఉన్నవి ప్రధానంగా పురావస్తువులు, శిల్పాలు. అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు బుద్ధుడు ఉన్నాడు, ఆ ఒక్క విగ్రహం కోసం వెళ్లినా గిట్టుబాటే, కాకపోతే ఏం చూడబోతున్నారో తెలిసి వెళ్లండి.

ఒకవేళ కొనాలనిపిస్తే

మొదటి షోలోనే కొనకండి, నాలుగైదు షోలు చూశాక కొనండి. మొదటి కొనుగోలుకు నా సలహా, పెద్ద క్యాన్వాస్ వద్దు, విద్యార్థి వేసినదో, లేదా ఎచింగో తీసుకోండి. అదే ఆర్టిస్టు పెయింటింగ్‌తో పోలిస్తే ఎచింగ్ ధర చాలా తక్కువ ఉంటుంది, ఎందుకంటే అలాంటివి ఇంకో ఇరవైనాలుగు ఉన్నాయి. జీఎస్టీ ధరలో కలిసే ఉందా, విడిగానా అడగండి. బిల్లు, దాంతో పాటు బొమ్మ అసలుదేనని ఆర్టిస్టు సంతకంతో ఇచ్చే ఆథెంటిసిటీ సర్టిఫికెట్ తీసుకోండి. పేరున్న వాళ్లవి తక్కువ ధరకు ఎవరో వాట్సాప్‌లో పంపితే ఆ జోలికే పోకండి, నకిలీలు తిరుగుతున్నాయి.

లిమిటెడ్ ఎడిషన్ ప్రింట్ అని అమ్మే వాటిలో రెండు రకాలు. ఒకటి పైన చెప్పినట్టు ఆర్టిస్టు చేతితో తీసినవి. ఇంకొకటి, పెయింటింగ్‌ను స్కాన్ చేసి పెద్ద ఇంక్‌జెట్ మెషిన్ మీద క్యాన్వాస్‌కో కాగితానికో కొట్టించినవి. రెండోది కొనడం నేరమేమీ కాదు, గోడకు అందంగానే ఉంటుంది, కానీ మొదటిదాని ధర పెట్టి రెండోది తెచ్చుకోకండి. ఫోన్ కెమెరా బాగా దగ్గర పెట్టి జూమ్ చేసి చూడండి, రంగు సన్నని చుక్కలు చుక్కలుగా విడిపోయి కనిపిస్తే మెషిన్‌ది.

కాగితం మీద బొమ్మ అయితే పటం కట్టించేటప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. వీధి చివర పటాల షాపులో ఇస్తే అద్దానికి అతుక్కునేలా పెట్టి, వెనక అట్ట కొట్టి, బొమ్మ అంచులు ఫ్రేముకు సరిపోలేదని కత్తిరించి కూడా ఇస్తారు. కత్తిరించవద్దని ముందే గట్టిగా చెప్పండి, పెన్సిల్ సంతకం, రేకు అచ్చు పోయాయంటే దాని విలువ పోయినట్టే. బొమ్మకూ అద్దానికీ మధ్య ఖాళీ ఉండేలా మౌంట్ బోర్డు వేయించండి, లేకపోతే వానాకాలం తేమకు కాగితం అద్దానికి అంటుకుపోతుంది. ఆ బోర్డు యాసిడ్ ఫ్రీది కావాలని అడగండి, మామూలు అట్ట అయితే కొన్నేళ్లకు కాగితం అంచుల నుంచి పసుపెక్కుతూ వస్తుంది. జిగురుతో బొమ్మ వెనకంతా అతికించనివ్వకండి, పైన రెండుచోట్ల పట్టుకునేలా కాగితం టేపుతో వేలాడదీస్తే చాలు.

ఇంట్లో బాత్రూమ్ పక్క గోడ వద్దు, పడమటి ఎండ పడే గోడ అసలే వద్దు. హాల్లో టీవీ ఎదురు గోడ ఖాళీగా ఉంటే అక్కడ పెట్టండి, బొమ్మ మధ్యభాగం నిలబడిన మనిషి కంటి ఎత్తుకు వచ్చేలా. మేకు కొట్టేవాడు ఎప్పుడూ ఒక అడుగు పైకే కొడతాడు, పక్కనే నిలబడి చెప్పండి.